ఖాతాలో నిల్వ, బయట అప్పు: టైడ్ నిధుల మధ్య చిక్కుకున్న ఒక గ్రామ పంచాయతీ

ఈ కేసు తెలంగాణలోని ఒక గ్రామ పంచాయతీది. మండల స్థాయిలో పంచాయతీల పనిని పర్యవేక్షించే అధికారిగా 2022 వానాకాలం నుంచి నేను దీన్ని దగ్గరగా చూశాను. ఊరిని గుర్తుపట్టే వివరాలు రాయడం లేదు. నిధుల మొత్తాలు కూడా ఇవ్వకుండా, అవసరమైన చోట నూటికి ఎంత అన్న లెక్కలో చెబుతున్నాను. ఈ పంచాయతీలో అవినీతి జరగలేదు, నిధులు రాకపోవడమూ లేదు. అయినా సర్పంచ్ కుటుంబం అప్పులపాలైంది, ఊరి చివరి వాడకు నీళ్లు అందలేదు, పంచాయతీ ఖాతాలో మాత్రం డబ్బు ఖర్చు కాకుండా పడి ఉంది. కేంద్రం నిధుల స్వరూపాన్ని మార్చినప్పుడు ఆ మార్పు గ్రామం దాకా ఎలా చేరుతుందో, ఎక్కడ ఆగిపోతుందో ఈ కేసు నాకు చూపించింది.

నేపథ్యం

14వ ఆర్థిక సంఘం కాలంలో, అంటే 2015 నుంచి 2020 వరకు, కేంద్రం గ్రామీణ స్థానిక సంస్థలకు ఇచ్చిన గ్రాంటు మొత్తం గ్రామ పంచాయతీలకే వచ్చేది. మండల పరిషత్తుకు, జిల్లా పరిషత్తుకు అందులో వాటా ఉండేది కాదు. వై.వి. రెడ్డి అధ్యక్షతన పనిచేసిన ఆ సంఘం గ్రామ పంచాయతీల గ్రాంటులో 90 శాతాన్ని బేసిక్ గ్రాంటుగా, 10 శాతాన్ని పనితీరు గ్రాంటుగా విభజించింది. బేసిక్ గ్రాంటును తాగునీరు, పారిశుధ్యం, మురుగు కాల్వలు, అంతర్గత రోడ్లు, వీధి దీపాలు, శ్మశానవాటిక వంటి మౌలిక సేవల్లో పంచాయతీ ఏది అవసరం అనుకుంటే దాని మీద ఖర్చు పెట్టుకునే వీలుండేది.

ఎన్.కె. సింగ్ అధ్యక్షతన ఏర్పడిన 15వ ఆర్థిక సంఘం ఈ పద్ధతిని మూడు వైపుల నుంచి మార్చింది. మొదటిది వాటా: మండల, జిల్లా పరిషత్తులకు కూడా పంపకం మొదలై, గ్రామ పంచాయతీకి 70 నుంచి 85 శాతం మధ్య నిర్ణయించే విధానం వచ్చింది. రెండోది షరతు: 2020-21లో గ్రాంటులో సగం టైడ్ (నిర్దేశించిన పనులకే వాడాల్సినది), సగం అన్‌టైడ్ (ఆ షరతు లేనిది) అన్నారు. 2021-26 కాలానికి గ్రామీణ సంస్థలకు 2,36,805 కోట్ల రూపాయలు సిఫారసు చేస్తూ, టైడ్ భాగాన్ని 60 శాతానికి పెంచారు. వంద రూపాయలు వస్తే ముప్పై తాగునీటికి, ముప్పై పారిశుధ్యానికి కట్టుబడి ఉండేవి. మిగిలిన నలభై మాత్రమే పంచాయతీ తన స్థానిక అవసరాలకు వాడుకోగలిగేది, అవి కూడా జీతాలకు, ఆఫీసు నిర్వహణకు పనికొచ్చేవి కావు. మూడో మార్పు చెల్లింపు దారిది. పంచాయతీల ప్రణాళికలు, లెక్కలు నమోదు చేయడానికి 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌ను, ప్రభుత్వ చెల్లింపులు నడిపే ఆన్‌లైన్ వ్యవస్థ పీఎఫ్‌ఎంఎస్‌తో అనుసంధానించడంతో చెక్కు పుస్తకం పక్కకు పోయి, ప్రణాళికలో ఉన్న పనికి, నమోదైన ఖాతాకు, ఇద్దరి డిజిటల్ సంతకాలతో మాత్రమే చెల్లింపు జరిగే పద్ధతి స్థిరపడింది.

ఈ మూడూ విడివిడిగా సమర్థించదగినవే. నీళ్లకు, పారిశుధ్యానికి ఎప్పుడూ చివరి వంతు మిగిలే పంచాయతీలను నేను చాలా చూశాను కాబట్టి టైడ్ నిబంధనను నేను తప్పుపట్టను. అయితే మూడూ దాదాపు ఒకేసారి వచ్చాయి. 2019 జనవరిలో ఎన్నికై ఫిబ్రవరిలో బాధ్యతలు తీసుకున్న సర్పంచులకు మొదటి ఏడాది పాత పద్ధతి, రెండో ఏడాది నుంచి కొత్త పద్ధతి ఎదురైంది. ఈ కేసులోని చిక్కులో చాలా భాగం ఆ మొదటి ఏడాది అలవాటు నుంచి పుట్టినదే.

మా దగ్గరికి వచ్చిన సమస్య

ఊరి జనాభా రెండున్నర వేల లోపు. మహిళా రిజర్వేషన్‌లో గెలిచిన సర్పంచ్ పదవిలో ఉన్నారు. మొదట మా కార్యాలయానికి వచ్చింది మాత్రం ఆమె భర్త. చేతిలో సిమెంటు, కంకర బిల్లుల కట్ట, ఖాతా నిల్వ చూపించే ఒక ప్రింటు కాగితం ఉన్నాయి. ఆయన చెప్పిన మాట నేను నా నోట్‌బుక్‌లో అలాగే రాసుకున్నాను: "సార్, పైసలు కండ్ల ముంగటనే ఉన్నయి, ముట్టుకోరాదు అంటున్నరు."

విషయం ఇది. అంతకు ముందు ఏడాది బొడ్రాయి దగ్గర నుంచి బడి దాకా ఉన్న తోవ వానకు బురదై, పిల్లలు జారిపడుతున్నారని గ్రామంలో ఒత్తిడి వచ్చింది. సర్పంచ్ కుటుంబం నెలకు నూటికి మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి సీసీ రోడ్డు వేయించింది. "పని చేద్దాం, బిల్లు వెనక పెట్టుకుందాం" అన్నది 14వ ఆర్థిక సంఘం కాలంలో నడిచిన మాట, వాళ్లూ అలాగే అనుకున్నారు. పని ఆ ఏడాది గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో లేదు. బిల్లు పెట్టే సమయానికి అన్‌టైడ్ నిల్వ వీధి దీపాల కరెంటు బిల్లులకు, మరో రెండు చిన్న పనులకు ఖర్చయిపోయింది. ఖాతాలో కనిపిస్తున్న డబ్బంతా టైడ్ భాగమే.

మొదటి అంచనా

పంచాయతీకి డబ్బు లేదన్నది ఆ కుటుంబం చెప్పిన సమస్య. చెల్లింపు దారి తెలియలేదన్నది పంచాయతీ కార్యదర్శి అంచనా. నేను మొదట కార్యదర్శి అంచనాకే మొగ్గాను, ఎందుకంటే ఆ నెలల్లో మా మండలంలో చాలా పంచాయతీల చిక్కులు పోర్టల్ దగ్గరే ఉండేవి. కాబట్టి మొదటి రెండు వారాలు లాగిన్‌లు, డిజిటల్ సంతకాలు, ఖాతా నమోదు సరిచేయడంలో గడిపాం. అవి సరిచేయాల్సినవే, కానీ అసలు ప్రశ్న వేరే చోట ఉంది. ఏ పద్దులో ఎంత ఉంది, ఏ ఖర్చు ఏ పద్దులోకి వస్తుంది అన్న పట్టికను మొదటి రోజే గీసి ఉంటే తర్వాతి మూడు నెలల వృథా ప్రయత్నాల్లో రెండైనా తప్పేవి.

ఫలించని దారులు

మొదటి ప్రయత్నం అనుమతి కోసం రాయడం. టైడ్ నిల్వ నుంచి ఒక్కసారికి రోడ్డు బిల్లు చెల్లించి, వచ్చే విడత అన్‌టైడ్ నుంచి సర్దుబాటు చేస్తామని పంచాయతీ తీర్మానం చేసి పంపింది. నేను దాన్ని పై కార్యాలయానికి పంపించాను. పంపేటప్పుడే ఫలితం మీద నాకు నమ్మకం లేదు. షరతు విధించింది ఆర్థిక సంఘం సిఫారసు, దాని మీద వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు. జిల్లాలో ఎవరికీ దాన్ని సడలించే అధికారం లేదు. అయినా పంపడానికి కారణం, లిఖితపూర్వకంగా కాదన్న జవాబు వస్తే తప్ప ఆ కుటుంబం వేరే దారి వైపు చూడదని నాకు అనిపించడం. జవాబు అలాగే వచ్చింది. ఈలోగా అప్పు మీద ఇంకో నెల మిత్తి పెరిగింది, ఆ బరువు నా లెక్కలో పడలేదు.

రెండో ప్రయత్నం గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే దాదాపు ప్రతి మండలంలోనూ ఎవరో ఒకరు ఈ సలహా ఇస్తారు. రోడ్డుకు ఒక పక్కన మురుగు కాల్వ ఉంది. మురుగునీటి నిర్వహణ పారిశుధ్యం కిందికి వస్తుంది కాబట్టి, మొత్తం పనిని "సైడ్ డ్రైన్ నిర్మాణం" అని రాసి పారిశుధ్య టైడ్ నుంచి చెల్లించవచ్చని ఒక కాంట్రాక్టరు చెప్పాడు. కార్యదర్శి నా అభిప్రాయం అడిగారు. మొత్తం రోడ్డును కాల్వగా రాయడం అబద్ధం, అందులో ఆలోచించేది ఏమీ లేదు. కానీ నిజంగా కట్టిన కాల్వ భాగాన్ని మాత్రం వేరుగా కొలిచి ఆ పద్దులో పెట్టవచ్చా అన్నది న్యాయమైన ప్రశ్నే. పంచాయతీరాజ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు)తో కలిసి వెళ్లి చూశాం. కాల్వకు వేరే అంచనా లేదు, కాంక్రీటు ఒకే రోజు ఒకే బ్యాచ్‌లో పోశారు, పైగా అది ఊరి కాల్వల్లో దేనికీ కలవలేదు. బడి గోడ దగ్గర ఆగి, నీళ్లు అక్కడే నిలుస్తున్నాయి. పనికి ముందు, మధ్యలో, పూర్తయ్యాక తీయాల్సిన జియో ట్యాగ్ ఫొటోల్లో మొదటి రెండూ ఎలాగూ లేవు. పారుదల లేని కాల్వను పారిశుధ్య ఆస్తిగా ఎంబీలో (పని కొలతలు రాసే పుస్తకంలో) రికార్డు చేయనని ఏఈ చెప్పారు. ఆయన మాటతో నేను ఏకీభవించాను. ఒక్క పని కోసం ఎంబీలో అబద్ధం రాస్తే, రేపు ఆ పంచాయతీలో నిజంగా కాల్వ కావాల్సి వచ్చినప్పుడు అక్కడ ఇప్పటికే కాల్వ ఉన్నట్టు రికార్డు అడ్డు చెబుతుంది.

మూడోది నిబంధనల్లోనే ఉన్న దారి, అందుకే ఎక్కువ ప్రమాదకరమైనది. తాగునీరు, పారిశుధ్యం అన్న రెండు టైడ్ భాగాల్లో ఒకదాని అవసరాలు గ్రామంలో పూర్తిగా తీరిపోయి, ఇక ఆ పద్దులో ఖర్చు చేయాల్సింది ఏమీ లేకపోతే ఆ డబ్బును రెండో భాగానికి వాడుకోవచ్చని 15వ ఆర్థిక సంఘమే చెప్పింది. దానికి గ్రామసభ ధ్రువీకరించాలి, పంచాయతీలను పర్యవేక్షించే అధికారి నిర్ధారించాలి. ఇంటింటికీ మిషన్ భగీరథ నల్లా ఉంది కాబట్టి తాగునీటి అవసరం తీరిందని తీర్మానం చేస్తే, నీటి భాగంలోని ముప్పై రూపాయలు పారిశుధ్యానికి వస్తాయి. అప్పుడు బడి గోడ దగ్గర ఆగిన కాల్వను పూర్తి చేసే పనిని కొత్తగా ప్రణాళికలో పెట్టి, ఆ పనితో పాటు కాంట్రాక్టరు బాకీని కూడా కొంత తీర్చవచ్చని ఆలోచన. చివరి మాట ఎవరూ పైకి అనలేదు, కానీ అందరి మనసులోనూ అదే ఉంది.

తీర్మానం నా బల్ల మీదికి వచ్చింది. కోరం ఉంది, సంతకాలు ఉన్నాయి, ఎజెండా సరిగ్గా ఉంది. ప్రతి ఇంటికి నల్లా ఉందన్నది రికార్డు ప్రకారం నిజం. నిర్ధారించాల్సింది నేను. ఆ రోజు సాయంత్రం నేను సంతకం చేయబోయి ఆగాను. ఏదో అనుమానం వచ్చి ఆగలేదు, మా అటెండరు ఆ ఊరి పక్క ఊరివాడు, కాగితం చూసి, "ఆ ఊరి కింది వాడల్ల నీళ్లు పోతయా సార్?" అని అడిగాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

నల్లా దగ్గర

రెండు రోజుల తర్వాత ఉదయం ఆరు గంటలకు, నీళ్లు వదిలే సమయానికి వెళ్లాను. సర్పంచ్‌ను కూడా రమ్మని కోరాను, భర్తను కాకుండా ఆమెనే. వాటర్‌మ్యాన్ ట్యాంకు కింది వాల్వు తిప్పాడు. పై వాడల్లో నీళ్లు బలంగా వచ్చాయి. కొన్ని ఇళ్లలో నల్లాకు నేరుగా చిన్న మోటార్లు బిగించి ఉన్నాయి. ఊరి చివరి ఎస్సీ వాడలో మేం నిలబడిన ఇంటి ముందు నల్లాకు గుడ్డ చుట్టి ఉంది, ఎందుకంటే ధార చెదిరి బిందెలో పడకుండా పోతుంది. ఆ ఇంటావిడ బిందె పెట్టింది. నేను గడియారం చూశాను. పదిహేను లీటర్ల బిందె నిండడానికి పదకొండు నిమిషాలు పట్టింది. వదిలే సమయం మొత్తం నలభై నిమిషాలు.

లెక్క అక్కడే వేశాం. నలభై నిమిషాల్లో ఆ ఇంటికి వచ్చేది దాదాపు యాభై అయిదు లీటర్లు. 2019లో ప్రకటించిన జల్ జీవన్ మిషన్ ప్రమాణం కూడా యాభై అయిదు లీటర్లే, కానీ అది ఒక్కో మనిషికి. ఒక మనిషికి రావాల్సిన నీళ్లు అయిదుగురున్న ఇంటికి వస్తున్నాయి. "నల్లా పెట్టిన్రు సార్, మేం కాదంటలేం. నీళ్లు రావాలె గదా" అని ఆమె అంది. తీర్మానంలో ఆమె సంతకం ఉందా అని అడిగాను. ఉంది. నల్లా ఉందా అని అడిగితే ఉందని చెప్పి సంతకం పెట్టానని ఆమె జవాబు.

తిరిగి వస్తూ వాల్వు గుంత చూశాం. మూత విరిగి, బురద నిండి ఉంది. కర్రతో బురద తీసి చూస్తే గేట్‌వాల్వు స్పిండిల్ అరిగిపోయి, కదలకుండా ఇనుప తీగతో కట్టి ఉంది. పై వాడల వాల్వు మూసుకోదు కాబట్టి కింది వాడకు ఒత్తిడి రాదు. ఇది రెండేళ్లుగా అలాగే ఉందని వాటర్‌మ్యాన్ చెప్పాడు. పంచాయతీలో డబ్బులు లేవని చెప్పారట. ఆ రెండేళ్లూ తాగునీటి పద్దులో డబ్బు కదలకుండా ఉంది.

సర్పంచ్ ఆ గుంత దగ్గర చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఈ డబ్బు దీనికేనా సార్?" అని అడిగారు. ఆమెకు ఎవరూ అంత సూటిగా చెప్పలేదు. పద్దుల గురించి జరిగిన శిక్షణకు భర్త వెళ్లి వచ్చారు.

తీర్మానాన్ని నిర్ధారించకుండా, కారణం రాసి తిప్పి పంపాను. నీటి అవసరం తీరలేదు కాబట్టి మార్పిడికి వీలు లేదు.

పనిచేసిన దారి

ఆ ఉదయం తర్వాత మేం ప్రశ్నను మార్చుకున్నాం. టైడ్ డబ్బును రోడ్డు దగ్గరికి తేవడం ఎలా అన్నది వదిలేసి, టైడ్ పద్దు మోయాల్సిన ఖర్చులను పంచాయతీ ప్రస్తుతం ఏ జేబు నుంచి మోస్తోంది అని అడిగాం. నగదు పుస్తకం తీసి, గడిచిన పన్నెండు నెలల వోచర్లను మూడు రంగుల పెన్సిళ్లతో గుర్తు పెట్టాం. నీటికి నీలం, పారిశుధ్యానికి ఆకుపచ్చ, మిగతావాటికి ఎరుపు. ఇంటి పన్నులు, ఇతర సొంత ఆదాయంతో నడిచే జనరల్ ఫండ్ పేజీల్లో సగానికి పైగా నీలం, ఆకుపచ్చ గుర్తులే పడ్డాయి. బోరు మోటారు రీవైండింగ్, పైపు జాయింట్లు, బ్లీచింగ్ పౌడర్, ట్యాంకు శుభ్రం చేయడం, చెత్త ట్రాక్టరు మరమ్మతు, కాల్వల పూడిక తీత అన్నీ సొంత ఆదాయం నుంచే పోయాయి. ఎందుకంటే జనరల్ ఫండ్ నుంచి చెల్లించడం తేలిక, పోర్టల్ దారి కష్టం. తేలికైన డబ్బు ముందు అయిపోయి, కష్టమైన డబ్బు మిగిలిపోయింది.

తాగునీటి పథకం నిర్వహణ, మరమ్మతులు టైడ్ పద్దులోకి వస్తాయి. అవి అటు వెళ్తే జనరల్ ఫండ్‌లో ఆ మేరకు ఖాళీ దొరుకుతుంది. జనరల్ ఫండ్‌కు టైడ్ షరతు లేదు. నిబంధనను వంచకుండా పంచాయతీ చేతికి స్వేచ్ఛ తెచ్చే మార్గం ఇదొక్కటే అని నాకు అనిపించింది. అయితే ఇక్కడ రెండు నిర్ణయాలు జాగ్రత్తగా తీసుకోవాల్సి వచ్చింది.

ఒకటి, పాత వోచర్లను తిరగరాయాలా అన్నది. కార్యదర్శి ఆ ఆలోచన చేశారు. గడిచిన ఏడాది మోటారు మరమ్మతులను టైడ్‌లో చూపించి, జనరల్ ఫండ్‌కు డబ్బు వెనక్కి తెచ్చుకుంటే బాకీ వెంటనే తీరుతుంది. నేను వద్దన్నాను. చెల్లింపు జరిగిపోయిన ఖర్చును మరో పద్దులో మళ్లీ చూపించడం ఆడిట్‌లో రెండు చెల్లింపులుగానే కనిపిస్తుంది. అంతేకాదు, ఆ పనులు ఆ ఏడాది ప్రణాళికలో ఆ పద్దు కింద లేవు. ఇక ముందు వచ్చే ఖర్చులను మాత్రమే సరైన పద్దులో పెట్టాలని తేల్చుకున్నాం. దీనివల్ల బాకీ ఏడాదికి పైగా తీరకుండా ఉండిపోయింది. ఆ ఆలస్యం భారం మోసింది నేను కాదు, ఆ కుటుంబం. ఇప్పుడైనా నేను అదే నిర్ణయం తీసుకుంటాను, కానీ అది ఎవరికి బరువైందో మర్చిపోకూడదని ఇక్కడ రాస్తున్నాను.

రెండోది కరెంటు బిల్లు. మోటార్ల సర్వీసు నంబర్లు వేరు, వీధి దీపాల సర్వీసు నంబర్లు వేరు అయినా, పంచాయతీ రెండిటినీ కలిపి ఒకే మొత్తంగా అన్‌టైడ్ నుంచి కడుతూ వచ్చింది. వీధి దీపాలు టైడ్‌లోకి రావు. నీటి మోటార్ల భాగాన్ని విడదీసి నీటి నిర్వహణ కింద చూపించే ముందు, పై కార్యాలయం నుంచి రాతపూర్వకంగా స్పష్టత తీసుకున్నాం. నోటి మాట మీద నడిచిన పద్దులు ఆడిట్ అభ్యంతరాలుగా తిరిగి రావడం చూసి ఉన్నాను కాబట్టి, ఆ కాగితం వచ్చేదాకా ఒక్క రూపాయి మార్చలేదు.

ఆ ఏడాది ప్రణాళికలో నీటి నిర్వహణ కింద ఉన్న కొద్ది మొత్తంతో ముందుగా రెండు గేట్‌వాల్వులు మార్చి, వాల్వు గుంతను కట్టించి మూత వేయించాం. కింది వాడకు విడిగా లైను వేయడం, కాల్వను బడి గోడ నుంచి పెద్ద కాల్వ దాకా కలపడం 2023-24 ప్రణాళికలో పెట్టాం. ఈసారి గ్రామసభ ఎజెండాను మార్చాం. "ఏ పనులు కావాలి?" అని అడిగితే సీసీ రోడ్లే వస్తాయి, అది సహజం. సర్పంచ్ నల్లబల్ల మీద మూడు గళ్లు గీసి, వందలో ముప్పై నీళ్లకు, ముప్పై పారిశుధ్యానికి, నలభై మన ఇష్టానికి అని చెప్పి, ఒక్కో గడికి వేరుగా పనులు అడిగారు. నీళ్ల గడి నిండడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

రోడ్డు బిల్లు విషయంలో, ఏఈ కొలిచి ప్రామాణిక ధరల ప్రకారం ఎంబీ రికార్డు చేసిన మేరకు, పాలకవర్గం తీర్మానంతో జనరల్ ఫండ్ నుంచి విడతలుగా చెల్లించారు. చివరికి వచ్చింది ఖర్చు పెట్టినదానికంటే తక్కువ. మిత్తికి ఏ పద్దూ లేదు.

చెల్లింపు దగ్గర మళ్లీ ఒక ఆటంకం

పద్దులు సరిపోయాక కూడా వాల్వుల బిల్లు రెండుసార్లు తిరస్కరణకు గురైంది. సరఫరాదారు ఖాతా పూర్వపు ఆంధ్రా బ్యాంకుది. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమయ్యాక ఐఎఫ్‌ఎస్‌సీ (బ్యాంకు శాఖ కోడు) మారింది, పోర్టల్‌లో మాత్రం పాత కోడే ఉంది. ఆయన తెచ్చిన పాత పాసుపుస్తకం చూసే కార్యదర్శి నమోదు చేశారు. చిన్న విషయమే, కానీ "ఆన్‌లైన్‌లో డబ్బులు రావు" అన్న మాట ఊళ్లో పుట్టేది ఇలాంటి చోటే. ఆ మాట పుట్టాక ఏ సరఫరాదారూ పంచాయతీకి అరువు ఇవ్వడు.

దీనికంటే తీవ్రమైనది డిజిటల్ సంతకం సంగతి. సర్పంచ్ డోంగల్ (డిజిటల్ సంతకం ఉండే చిన్న యూఎస్‌బీ పరికరం) మండల కేంద్రంలోని ఒక ప్రైవేటు కంప్యూటర్ ఆపరేటరు దగ్గర, మరికొన్ని ఊళ్ల డోంగల్స్‌తో పాటు ఒక టిఫిన్ డబ్బాలో ఉంది. దాని మీద ఊరి పేరు, పక్కనే పిన్ నంబరు స్కెచ్ పెన్నుతో రాసి ఉన్నాయి. అతను దుర్వినియోగం చేయలేదు. అయినా ఆ పిన్‌తో జరిగే ప్రతి చెల్లింపుకూ చట్టం ముందు జవాబుదారీ సర్పంచే. పిన్ మార్పించి, డోంగల్ ఆమె చేతికి ఇచ్చాం. మూడు చెల్లింపులు కార్యదర్శి పక్కన కూర్చుని ఆమే చేశారు, నాలుగోసారి ఎవరినీ అడగలేదు. స్క్రీన్ మీద పద్దు పేరు, సరఫరాదారు పేరు చదివాకే సంతకం చేయాలని ఆమె తనకు తానే ఒక నియమం పెట్టుకున్నారు.

నేర్చుకున్నవి

నా పనిలో ఈ కేసు మార్చినది ప్రధానంగా ఒక అలవాటును. ఏ పంచాయతీ అయినా నిధులు లేవని వస్తే, ఇప్పుడు నేను ముందుగా అడిగేది ఖాతా నిల్వ కాదు, జనరల్ ఫండ్ వోచర్లు. టైడ్ నిధులు కదలకుండా ఉన్న దాదాపు ప్రతి చోటా సొంత ఆదాయం తప్పు చోట కరిగిపోతున్నట్టు కనబడుతోంది.

అవసరం తీరిందన్న ధ్రువీకరణను కాగితం మీద నిర్ధారించడం మానేశాను. నల్లాల సంఖ్య ఆస్తిని చెబుతుంది, సేవను చెప్పదు. ఊరి చివరి నల్లా దగ్గర, నీళ్లు వదిలే సమయంలో, ఒక బిందె నిండే కాలం చూస్తే చాలు. దానికి ఇంజనీరు కూడా అక్కర్లేదు. ఆ ఒక్క సంతకం నేను చేసి ఉంటే, ఆ వాడకు రావాల్సిన డబ్బును ఆ వాడ సంతకాలతోనే తీసేసినవాణ్ని అయ్యేవాణ్ని.

విధానం మారినప్పుడు మనం పంపే సర్క్యులర్ కార్యదర్శి దగ్గర ఆగుతుంది, శిక్షణ చాలాసార్లు ఎన్నిక కాని మనిషి దగ్గర ఆగుతుంది. 2019లో గెలిచిన సర్పంచులకు 2020 వేసవిలోనే, పని మొదలుపెట్టే ముందు ప్రణాళికలో ఉందో లేదో చూసుకోమని ఊరికి వెళ్లి చెప్పి ఉంటే ఈ అప్పు పుట్టేది కాదు. ఆ లోటులో మా కార్యాలయానికి, నాకు వాటా ఉంది.

ఆ తర్వాత

2023-24 నుంచి, ముందటి ఏడాది తాత్కాలిక లెక్కలు, దాని వెనకటి ఏడాది ఆడిట్ లెక్కలు రెండూ ఆన్‌లైన్‌లో ఉన్న సంస్థలకే గ్రాంటు అన్న షరతు అందరికీ వర్తించింది. పెన్సిలు గుర్తులతో మొదలైన పని వల్ల ఈ పంచాయతీ పుస్తకాలు సకాలంలో ముగిశాయి. 2024 ఫిబ్రవరి 1న పాలకవర్గం గడువు తీరి, రాష్ట్రమంతటా లాగే ఇక్కడా ప్రత్యేకాధికారి వచ్చారు. ఎన్నికైన పాలకవర్గం లేని కాలానికి కేంద్ర గ్రాంటు ఆగింది. అప్పటికి నీటి పద్దులో మిగిలి ఉన్న నిల్వతోనే కింది వాడ లైనుకు, మోటారుకు ఆ తర్వాతి మరమ్మతులు నడిచాయి. రోడ్డు బాకీలో చివరి విడత మాత్రం పాలకవర్గం దిగిపోయే నాటికి మిగిలిపోయింది, ఇంకా అలాగే ఉంది.

2025 డిసెంబరులో మూడు విడతల ఎన్నికలు జరిగి కొత్త సర్పంచ్ వచ్చారు. 16వ ఆర్థిక సంఘం కాలానికి మొదటి రోజు 2026 ఏప్రిల్ 1 కాబట్టి, ఈ కొత్త పాలకవర్గానికి కూడా ఒక విధానం నుంచి మరో విధానానికి దాటడం మొదటి ఏడాదిలోనే. పాత సర్పంచ్ తన మూడు గళ్ల నోట్‌బుక్‌ను ఆయనకు అప్పగించారు. ఆ రోజు మేం ముగ్గురం కలిసి ఉదయం కింది వాడకు వెళ్లాం. గుడ్డ చుట్టిన ఆ నల్లా దగ్గర ఇప్పుడు గుడ్డ లేదు. బిందె నిండడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఎండాకాలంలో ఆరు పడుతుందని ఆ ఇంటావిడ చెప్పింది. కొత్త సర్పంచ్ ఆ రెండు అంకెలనూ నోట్‌బుక్‌లో నీళ్ల గడి పక్కన రాసుకున్నారు.